మంగళవారం, గురువారం

మంగళవారం. పొద్దుటి నుంచీ ముసురు. మధ్యాహ్నానికి కాస్త తెరిపిచ్చింది.

అమెరికాలో కొత్త పుస్తకాలు మంగళవారం వస్తాయి, బ్రిటన్‌లో గురువారం. ఫాంటసీ నవలల కబుర్లు కనిపెట్టుకుని ఉండేవాళ్లకి వారంలో పండగలు ఈ రెండే. న్యూయార్క్‌లో అర్ధరాత్రి అయ్యేసరికి మనకి పొద్దున తొమ్మిదిన్నర. చలికాలంలో అక్కడ గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి నవంబరు నుంచి మార్చి దాకా పదిన్నర. కాఫీ తాగుతూ ఆరింటికే కొత్త నవల గురించి వెతికితే, కనబడే అభిప్రాయాలన్నీ విడుదలకు ముందే ప్రతి అందుకున్నవాళ్లవే. డబ్బులిచ్చి కొనుక్కున్న పాఠకుడి మాట వినాలంటే ఇంకో నాలుగైదు రోజులు ఆగాలి. ఏడొందల పేజీల నవల ఒక్క పూటలో అయిపోదు కదా.

ముందుగా పంపే ఆ ప్రతిని ఏఆర్‌సీ, అంటే అడ్వాన్స్ రీడర్ కాపీ, అంటారు. విడుదలకు కొన్ని నెలల ముందు సమీక్షకులకీ, పుస్తకాల షాపులకీ, లైబ్రరీలకీ వెళుతుంది. ఇది దిద్దని ప్రూఫు అని అట్ట మీదే ఉంటుంది. వాక్యాలు ఎత్తి రాసేముందు తుది ప్రతితో సరిచూసుకోమని ఇంకో మాట ఉంటుంది. ఫాంటసీలో దీనివల్ల వచ్చే తంటా వేరు. మ్యాప్ చాలాసార్లు ప్రూఫు వేళకి సిద్ధమై ఉండదు. టైటిల్ పేజీ తిప్పితే రెండు పేజీలు తెల్లగా ఉండి, నడిమధ్య "మ్యాప్ ఇక్కడ వస్తుంది" అన్న చిన్న ముక్క కనబడుతుంది. పాత్రల పట్టిక, చివరి పదకోశం కూడా ఒక్కోసారి అంతే. అందుకని "ఊళ్ల పేర్లు గుర్తుండక తికమకపడ్డాం, మ్యాప్ కూడా లేదు" అన్న ఫిర్యాదు కనబడితే ముందు ఆ సమీక్ష తేదీ చూడాలి. విడుదలకు రెండు నెలల ముందుదైతే పక్కన పెట్టాలి. విడుదలైన రెండు నెలలకి రాసిందైతే నమ్మాలి. మాట ఒకటే అయినా తేదీని బట్టి దాని విలువ మారిపోతుంది. సమీక్షలు చదివేవాళ్లు మొదట అలవాటు చేసుకోవాల్సింది ఈ తేదీ చూడటమే.

పుస్తక వ్యాపారుల కోసం నడిచే సమీక్షా పత్రికల్లో పబ్లిషర్స్ వీక్లీ 1872 నుంచి, కర్కస్ 1933 నుంచి ఉన్నాయి. వీటిలో సమీక్షలు ఒకటి రెండు పేరాలకి మించవు, విడుదలకు ముందే వస్తాయి. అవి షాపువాడు ఎన్ని కాపీలు తెప్పించాలి, లైబ్రరీ కొనాలా వద్దా అన్న నిర్ణయం కోసం రాసినవి. ఎలాంటి పాఠకుడికి నప్పుతుందో చెబుతాయి. మన మనసుకి పడుతుందో లేదో చెప్పడం వాటి పని కాదు. కథ మాత్రం ఆ రెండు పేరాల్లోనే సగం చెప్పేస్తాయి. మలుపులు ముందే తెలియకూడదనుకుంటే వాటిలో చివరి రెండు వాక్యాలే చదవాలి, తీర్పు అక్కడే ఉంటుంది.

తీరిగ్గా చదువుకునే సమీక్షలకి 1968 నుంచి వస్తున్న లోకస్ మాసపత్రిక ఉంది. అందులో సమీక్ష కింద పేరుంటుంది, అదే మనకి కావాల్సింది. ఒక సమీక్షకుడి మీద గురి కుదరాలంటే, మనకి ప్రాణమైన నవల ఒకటి, సగంలో వదిలేసిన నవల ఒకటి తీసుకుని రెండింటి గురించీ అతనేం రాశాడో వెతికి చదవాలి. అతని అభిప్రాయం మనతో కలవాలనేం లేదు. మనకి విసుగొచ్చినచోట అతనికి ఎప్పుడూ హాయిగా ఉంటే అదీ కొలతబద్దే, తిరగేసి వాడుకోవచ్చు. ఒకసారి మెచ్చి ఇంకోసారి అదే గుణాన్ని తప్పుపట్టేవాళ్లతోనే చిక్కు. ఇలా ముగ్గుర్ని ఎంచుకుంటే చాలు. పదిమందిని చదివితే పుస్తకం తెరవకముందే అలసట వస్తుంది.

ఇక వాక్యాల దగ్గరికి. "లోకనిర్మాణం అద్భుతం" అన్న వాక్యం నుంచి పాఠకుడికి అందేది సున్నా. అదే సమీక్షకుడు "ఈ లోకంలో మంత్రం వేసినవాడి ఒంట్లో వేడి తగ్గిపోతుంది, అందుకే ఎవరూ చలికాలంలో యుద్ధానికి దిగరు" అని రాశాడనుకుందాం. మంత్రానికి వెల ఉంది, ఆ వెల రాజకీయాల దాకా పాకింది, రచయిత ఆలోచించే రాశాడు అని మూడు సంగతులు ఒక్క వాక్యంలో తెలిసిపోయాయి. మెచ్చుకోలు మాట ఒక్కటి లేకపోయినా పుస్తకం కొనాలనిపిస్తుంది. "మొదటి వంద పేజీలు నెమ్మది" అన్నది కూడా అంతే, మొత్తం పేజీలతో కలిపి చదవాలి. తొమ్మిదొందల పేజీల నవలకి వంద పేజీల నెమ్మది అంటే పందిరి వేయడం. మూడొందల పేజీల నవలకైతే మూడో వంతు పోయినట్టు.

నక్షత్రాల రేటింగుల్లో ఒక మోసం ఉంది, ఎవరూ కావాలని చేసింది కాదు. సిరీస్‌లో నాలుగో భాగానికి సాధారణంగా మొదటి భాగం కంటే ఎక్కువ సగటు వస్తుంది. నచ్చనివాళ్లు మొదటి భాగంలోనో రెండో భాగంలోనో దిగిపోయారు, మిగిలినవాళ్లే నాలుగో భాగానికి మార్కులు వేశారు. చూడాల్సింది ఎంతమంది వేశారన్నది. మొదటి భాగానికి లక్షమంది, రెండోదానికి అరవై వేలు, మూడోదానికి యాభై అయిదు వేలు ఉందనుకుందాం. ఒకసారి పట్టుకున్న పాఠకుడు వదల్లేదన్నమాట. రెండోదానికి ముప్ఫై వేలే ఉంటే మొదటి భాగం ముగింపులోనే ఏదో బెడిసికొట్టింది. ఆ భాగానికి మూడు నక్షత్రాలిచ్చినవాళ్ల అభిప్రాయాలు చదివితే ఆ కారణం దొరుకుతుంది. ఒకటి, అయిదు నక్షత్రాలవాళ్లలో ఆవేశమే ఎక్కువ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎడిషన్ల పని. ఇండియాలో ఉన్న పాఠకుడు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. ఇంగ్లీషు పుస్తకాల హక్కుల పంపకంలో ఇండియా సాధారణంగా బ్రిటన్ వాటాలోకి వస్తుంది. అంటే అమెరికా ఎడిషన్‌కి వచ్చిన సమీక్ష చదివి షాపుకెళితే, చేతికొచ్చేది బ్రిటిష్ ఎడిషన్. అట్ట వేరు, ప్రచురణకర్త వేరు, తేదీ వేరు. రాబర్ట్ జోర్డాన్ వీల్ ఆఫ్ టైమ్ అమెరికాలో టోర్ అయితే మనకి ఆర్బిట్. బ్రాండన్ శాండర్సన్‌కి అక్కడ టోర్, ఇక్కడ గొలాంజ్. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో షాపువాడికి టోర్ పేరు చెప్పి ఆర్డరిస్తే దిగుమతి ధర పడుతుంది, వారాలు పడుతుంది. ఆర్బిట్ అంటే అదే నవల తక్కువకి వస్తుంది.

ఒక్కోసారి పేరే మారిపోతుంది. ఫిలిప్ పుల్‌మన్ నవల 1995లో బ్రిటన్‌లో నార్తర్న్ లైట్స్‌గా వచ్చింది, అమెరికాలో ద గోల్డెన్ కంపాస్ అయింది. రెండూ వేరనుకుని రెండూ కొన్నవాళ్లున్నారు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది విడగొట్టిన సంపుటాలు. పేపర్‌బ్యాక్ బైండింగు ఓ మందం దాటితే వీపు విరుగుతుంది, పేజీలు ఊడతాయి. అందుకని లావు ఫాంటసీ నవలల్ని బ్రిటన్‌లో రెండు ముక్కలు చేస్తారు. జార్జ్ మార్టిన్ ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్ అక్కడి పేపర్‌బ్యాక్‌లో స్టీల్ అండ్ స్నో, బ్లడ్ అండ్ గోల్డ్ అని రెండయింది. ఎ డాన్స్ విత్ డ్రాగన్స్ కూడా డ్రీమ్స్ అండ్ డస్ట్, ఆఫ్టర్ ద ఫీస్ట్ అని రెండు. అందుకే అయిదు నవలల సిరీస్ మన దగ్గర ఏడు పుస్తకాల పెట్టెలో కనబడుతుంది. శాండర్సన్ ద వే ఆఫ్ కింగ్స్ కూడా అలాగే రెండు పేపర్‌బ్యాక్‌లు. తెలియక మొదటి ముక్క ఒక్కటే కొన్నవాళ్లకి కథ ఎక్కడో గాల్లో ఆగిపోతుంది, ఇదేం ముగింపని రచయితని తిట్టి ఒక నక్షత్రం ఇచ్చేస్తారు. ఆ నక్షత్రం మళ్లీ మొత్తం నవల సగటులో కలుస్తుంది. ఇది కాకుండా ఉండాలంటే కొనేముందు మూడు చూడాలి. అట్ట మీద "పార్ట్ వన్" అని చిన్న అక్షరాల్లో ఉందా, అసలు హార్డ్‌కవర్ ఎన్ని పేజీలు, చేతిలోది ఎన్ని పేజీలు. వెయ్యి పేజీల నవల అయిదొందల అరవై పేజీల్లో దొరికిందంటే అది సగమే.

షాపులో నిలబడే చూసుకోగలిగింది ఇంకోటుంది. టైటిల్ పేజీ వెనక, కాపీరైటు వివరాల కింద, 10 9 8 7 6 5 4 3 2 1 అని అంకెల వరస ఉంటుంది. కొందరు ప్రచురణకర్తలు దాన్ని అటూ ఇటూ కలిపి వేస్తారు. అన్నిటికంటే చిన్న అంకె ఎంతో అది అన్నో ముద్రణ. మొదటి ముద్రణలో అచ్చుతప్పులున్నాయని సమీక్షలో చదివితే, చిన్న అంకె 4గా ఉన్న ప్రతి తీసుకోవడం నయం, ఈలోగా దిద్ది ఉండే అవకాశం ఎక్కువ.

సాయంత్రం కాసేపు అవార్డులు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో ఓటింగు గడువు దగ్గరపడే రోజులివి. 1953లో మొదలైన ఈ అవార్డుకి ఏటా జరిగే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం వరల్డ్‌కాన్ సభ్యులే ఓటేస్తారు. ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని వరస ఇవ్వాలి. "అవార్డు ఎవరికీ వద్దు" అన్న గడి కూడా ఉంటుంది, 2015లో అయిదు విభాగాల్లో అదే గెలిచింది. నలభై వేల పదాలు దాటితే నవల, 17,500 నుంచి 40,000 దాకా నవలిక. ఈ లెక్క కొనేటప్పుడు పనికొస్తుంది, నవలిక పోటీలో ఉన్న పుస్తకం హార్డ్‌కవర్ ధర పెట్టినా రెండు పూటల్లో అయిపోతుంది. వరల్డ్ ఫాంటసీ అవార్డు 1975 నుంచి ఇస్తున్నారు. దాన్ని తేల్చేది ఏటా మారే న్యాయనిర్ణేతల బృందం. పోయినేడు వాళ్ల ఎంపిక నచ్చిందని ఈ ఏడూ నచ్చుతుందనుకోలేం. కొత్త గొంతులు మాత్రం ఎక్కువగా అక్కడే వినబడతాయి.

గెలిచినవాళ్ల పేర్ల కంటే హ్యూగో లెక్కల పత్రం విలువైంది. అవార్డులయ్యాక బయటపెడతారు. తుది జాబితాలోకి ఆరు వస్తాయి, ఆ పత్రంలో తర్వాతి స్థానాల్లో ఆగిపోయినవి కూడా ఓట్లతో సహా ఉంటాయి. ఏడాది చదువుకి అంతకంటే మంచి పట్టిక దొరకదు. 2023లో చెంగ్డూలో జరిగిన హ్యూగోల్లో తగినన్ని నామినేషన్లు వచ్చిన కొన్ని రచనల్ని అనర్హమంటూ తీసేశారని తెలిసింది కూడా, 2024 జనవరిలో ఆ పత్రం వచ్చాకే. ఓటేసిన పాఠకుల మనసు ఎంత కష్టపడి ఉంటుందో ఆ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

ఏడున్నరకల్లా న్యూయార్క్‌లో ఆఫీసులు తెరుచుకుని ఉంటాయి, రచయితలతో ప్రచురణకర్తలు చేసుకున్న కొత్త ఒప్పందాల ప్రకటనలు మొదలవుతాయి. ఆ ప్రకటనల్లో మాటలకి లోపలి అర్థాలున్నాయి. "నైస్ డీల్" అంటే యాభై వేల డాలర్ల లోపు. "వెరీ నైస్" అంటే లక్ష లోపు. "గుడ్" దానికంటే పెద్దది, రెండున్నర లక్షల దాకా. "మేజర్" అయిదు లక్షలు, ఆపైన. ఎంత పెట్టారో తెలిస్తే ప్రచారం ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. సీరియల్‌గా తీస్తారన్న వార్తకి మాత్రం తొందరపడకూడదు. హక్కులు తీసుకోవడమంటే కొంతకాలానికి అడ్వాన్సు ఇచ్చి అట్టిపెట్టుకోవడమే, చాలావాటికి గడువు తీరిపోతుంది. తీసినా పూర్తవుతుందన్న భరోసా లేదు. వీల్ ఆఫ్ టైమ్ 2021 నవంబరులో మొదలై మూడు సీజన్లతో 2025లో ఆగింది. పద్నాలుగు సంపుటాల కథ అది.

ఎదురుచూపుల వార్తలకైతే ఒకటే సూత్రం, రచయిత తన నోటితో చెబితేనే వార్త. ఎ డాన్స్ విత్ డ్రాగన్స్ 2011 జూలై 12న వచ్చింది. తర్వాతి భాగం పూర్తి కాలేదని మార్టిన్ 2016 జనవరిలో తానే రాశాడు. అయినా ఆన్‌లైన్ షాపుల్లో తేదీలు కనబడుతూనే ఉంటాయి. ఏ తేదీ అయినా డిసెంబరు 31 అని ఉంటే అది గడి ఖాళీగా ఉంచలేక వేసిన అంకె. చందమామలో తోకచుక్క, పాతాళదుర్గం చదివిన తరానికి ఈ బాధ అంతగా తెలియదు, నెల తిరిగేసరికి తర్వాతి భాగం చేతిలో ఉండేది. ఏళ్ల తరబడి ఆగినవాళ్ల ఆశతో తప్పుడు తేదీలు ఆడుకోవడం చూస్తే బాధేస్తుంది.

ఎల్లుండి గురువారం. లండన్ జాబితాలో మూడు నవలలున్నాయి. వాటిలో లావుదాని పేపర్‌బ్యాక్ ఒకటా రెండా, రెండయితే రెండో ముక్క అదే రోజు వస్తుందా అన్నది ఐఎస్‌బీఎన్‌లు, అంటే ప్రతి ఎడిషన్‌కీ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్యలు, పట్టుకుని రేపే చూసుకోవాలి.