అడుగు తిప్పి చూసిన ఆదివారం

రాత్రికి నలుగురు భోజనానికి వస్తున్నారు. వంట సంగతి ఆయన చూసుకుంటానన్నారు కాబట్టి నాకు బల్ల సర్దే పని మిగిలింది. అంటే నేను పోగుచేసుకున్న పాత గాజుసామాను ఉన్న అద్దాల బీరువాలో రెండు అరలు ఖాళీ చేసే పని. "నలుగురి కోసం ఇంత సామాను దించాలా?" అన్నారాయన. నలుగురి కోసం కాదు. అవన్నీ దించడానికి నాకో సాకు కావాలి, అంతే. అది ఆయనకీ తెలుసు.

పాత గాజు కడగడం నాకు విసుగు పుట్టించే పని కాదు. సింకులో మాత్రం కడగను. ప్లాస్టిక్ టబ్బు, అడుగున మడతపెట్టిన తువ్వాలు, గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు. చేతికి ఉంగరాలుండకూడదు. ఒకసారికి ఒకటే. చల్లగా ఉన్న గాజుని గబుక్కున వేడినీళ్లలో ముంచితే పైభాగం ముందు వ్యాకోచించి, లోపలిది వెనకబడి, ఆ లాగుడులో బీట పడుతుంది. మందంగా ఉన్న అచ్చు గాజుకి ఈ గండం మరీ ఎక్కువ. గిన్నెలు కడిగే మిషన్ జోలికి అసలే పోను. ఆ వేడీ, ఆ పౌడర్‌లోని క్షారమూ కలిసి పైపొరని తినేస్తాయి. బంగారు అంచు ఉంటే ముందు పోయేది అదే.

డికాంటర్, అంటే వైన్ లాంటివి పోసి వడ్డించే గాజు కూజా, దాని లోపల తెల్లటి మసక కనిపించింది. ఈ మసకలో రెండు రకాలున్నాయి. నీళ్లలోని సున్నం పేరుకున్నదైతే వెనిగర్‌కి కరుగుతుంది. గాజే దెబ్బతిన్నదైతే ఏం పోసినా పోదు. తడిగా ఉన్నంతసేపు కనపడకుండా ఉండి, ఆరగానే మళ్లీ తేలుతుంది. అందుకే కడిగి తడి మీద చూపించే గాజుని నేను నమ్మను, ఆరేదాకా ఆగుతాను. ఇవాళ్టిది మొదటి రకమే. కట్టుడు పళ్లు శుభ్రం చేసే బిళ్ల ఒకటి వేసి, నీళ్లు నింపి పొద్దున్నే పక్కన పెట్టాను. మధ్యాహ్నానికి తేటపడింది.

ఆ డికాంటర్ నాకు ఇష్టం కావడానికి కారణం దాని బిరడా. పాత రోజుల్లో మంచి డికాంటర్లకి మెడ లోపలి భాగాన్నీ బిరడా కాడనీ ఒకదానికొకటి సరిపోయేలా అరగదీసేవారు. ఆ మెడకి ఆ బిరడాయే పట్టాలి, ఇంకోటి పట్టకూడదు. కార్ఖానాలో బల్ల నిండా డికాంటర్లుంటే బిరడాలు తారుమారు కావా మరి! అందుకని మెడ మీదా బిరడా మీదా ఒకే అంకె గీసి పెట్టేవారు. నాదాని మెడ అంచున 7, బిరడా కాడ కింద కూడా 7. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనపడదు. అలంకారం కోసం గీసింది కాదు, పనివాడు తన సౌకర్యం కోసం గీసుకున్నది. చెక్కుడు పనంతా చూసేవాళ్ల కోసం. ఆ 7 మాత్రం ఎవరూ చూడాలని గీయలేదు. నా మనసు మాత్రం దాని మీదే నిలుస్తుంది.

పక్కనున్న ఇంకో డికాంటర్‌కి ఉన్నది దాని సొంత బిరడా కాదు. తిప్పితే వదులుగా కదులుతుంది. అలాంటివాటిని పట్టింపుగల కలెక్టర్లు ముట్టుకోరు. నేను తీసుకుంటాను. అసలు బిరడా పగిలాక కూడా దాన్ని అవతల పారేయకుండా ఎవరో ఇంకోటి వెతికి పెట్టారంటే, ఆ ఇంట్లో అది వాడుకలో ఉన్నట్టే కదా.

ఆరబెట్టిన పళ్లేలు తుడుస్తూ అమ్మాయి భూతద్దం పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, దీని కింద వజ్రం బొమ్మ ఏదో ఉంది."

"పైన చిన్న సున్నాలో రోమన్ మూడు ఉందేమో చూడు."

"ఉంది."

బ్రిటన్‌లో 1842 నుంచి 1883 దాకా నమోదు చేసిన డిజైన్లకి ఈ గుర్తు వేసేవారు. పైనున్న రోమన్ అంకె సామాను ఏ రకమో చెబుతుంది: ఒకటి లోహం, రెండు చెక్క, మూడు గాజు, నాలుగు పింగాణీ, మట్టిసామాను. మూలల్లోని అక్షరాలనీ అంకెలనీ విప్పుకుంటే సంవత్సరం, నెల, తేదీ కూడా తెలుస్తాయి. సంవత్సరం అక్షరం 1867 దాకా పైమూలలో, 1868 నుంచి కుడివైపు. 1884లో ఈ వజ్రాన్ని వదిలేసి వట్టి వరస నంబర్లకి మారిపోయారు. అమ్మాయికి నచ్చింది, మిగతావన్నీ తిప్పి చూడ్డం మొదలుపెట్టింది. ఒక చిన్న తొట్టి కింద నెమలి తల దొరికేసరికి గంతేసింది. అది ఇంగ్లండ్‌లో గేట్స్‌హెడ్ ఊరి సోవర్బీ గాజు కంపెనీ వాళ్ల ముద్ర, 1876 నుంచి వేశారు. తనకి ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాను: వజ్రంలోని తేదీ డిజైన్ నమోదైన రోజు, ఈ పళ్లెం పుట్టినరోజు కాదు. బాగా అమ్ముడుపోతున్న అచ్చుని ఏళ్ల తరబడి వాడతారు. అమ్మేవాళ్లు మాత్రం ఆ తేదీనే వస్తువు వయసుగా చెప్పేస్తుంటారు.

ముద్ర లేనివాటికి అడుగు గీతలే ఆధారం. బల్ల మీద ఏళ్ల తరబడి జరిగిన పళ్లేనికి సరిగ్గా ఆనే చోట, ఆ సన్నని వలయం మీదే, సన్నగీతలు అన్ని దిక్కులకీ పడి ఉంటాయి. కొన్ని లోతుగా, కొన్ని పైపైన. గరుకు కాగితంతో రుద్ది ముసలితనం తెచ్చిపెట్టినవైతే గీతలన్నీ ఒకే వైపుకి, ఒకే లోతులో ఉంటాయి, బల్లకి ఆనని చోట కూడా ఉంటాయి. అలాగే పక్కలనుంచి నిలువుగా సన్నని అతుకు గీత కనిపిస్తే అది అచ్చులోంచి వచ్చింది. అడుగు మధ్యలో విరిచిన మచ్చగానీ, దాన్ని సానపట్టిన నున్నటి గుంటగానీ ఉంటే ఊది చేసింది, ఇనుప కడ్డీ నుంచి విరిచిన చోటు అది. ఇవేవీ పుస్తకం చదివితే పట్టుబడవు, వేలికి అలవాటు కావాలి.

సాయంత్రం పడకగది తలుపులు మూసి అల్ట్రావయొలెట్ టార్చి వేశాం. ఇది అమ్మాయి పట్టుదల. పసుపచ్చగా ఉన్న పండ్ల తొట్టి ఒక్కసారిగా ఆకుపచ్చ వెలుగుతో మెరిసింది. రంగు కోసం యురేనియం కలిపిన గాజు. 1830లలో బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశంలో) గాజు చేసే రీడెల్ కుటుంబం ఈ పసుపుకీ ఆకుపచ్చకీ తమ ఇంట్లోని అన్నా అనే ఆవిడ పేరు పెట్టుకుని ప్రసిద్ధి తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం యురేనియాన్ని చేజిక్కించుకున్నాక గాజు పనివాళ్లకి 1958 దాకా అందలేదు. "పక్కనే నిలబడొచ్చా?" అంది అమ్మాయి. నిలబడొచ్చు. కలిపేది సాధారణంగా నూటికి రెండు పాళ్ల లోపే. అలాగని అందులో తినేవి పెట్టను. అది నా సొంత నియమం, ఎవరి మీదా రుద్దను.

మరో గ్లాసు కూడా లేతగా, మసకగా వెలిగింది. అది యురేనియం కాదు, మాంగనీసు. ఇసుకలోని ఇనుము తెచ్చే ఆకుపచ్చ ఛాయని పోగొట్టడానికి పూర్వం మాంగనీసు కలిపేవారు. అలాంటి గాజు ఏళ్లకేళ్లు ఎండ తగిలితే లేత ఊదారంగుకి తిరుగుతుంది. ఇప్పుడు కొందరు రేడియేషన్ పెట్టి ఆ రంగుని చిక్కగా పుట్టిస్తున్నారు. ఒళ్లు మండే పని. ఒకసారి అలా రంగెక్కించాక ఆ గాజు అసలు ఎలా ఉండేదో చూసేవాళ్లకి తెలియదు.

బల్ల దగ్గరికొచ్చేసరికి ఒక నిర్ణయం తీసుకోవాలి, దేన్ని వాడాలి, దేన్ని చూపించి వదిలేయాలి. నా దగ్గరున్న చెక్కుడు క్రిస్టల్ అంతా సీసం కలిసినదే. గోటితో మీటితే ఖంగుమని మోగేది అందుకే. 1674లో ఇంగ్లండ్‌లో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ పేటెంట్ తీసుకున్న గాజు మొదట్లో సన్నని నెర్రెలు కొట్టి చెడిపోతుంటే, సీసం పాలు పెంచి దాన్ని దారికి తెచ్చాడు. ఈ రోజుల్లో యూరప్‌లో లెడ్ క్రిస్టల్ అనిపించుకోవాలంటే సీసం ఆక్సైడ్ నూటికి కనీసం 24 పాళ్లుండాలి. పులుపున్న పానీయం అందులో రోజుల తరబడి నిలవ ఉంటే సీసం దిగుతుంది. కాబట్టి డికాంటర్‌లో వడ్డించే ముందే పోయడం, మిగిలింది రాత్రికే సీసాలోకి తిరిగి వంపేయడం. వాడకుండా దాచుకోవడం కన్నా ఇలా వాడటం మేలని నా లెక్క.

పళ్లేలకి మాత్రం ఆ జాగ్రత్తలేం అక్కర్లేదు. 1930ల అమెరికా యంత్రాల మీద కుప్పలు తెప్పలుగా వచ్చిన గులాబీ, ఆకుపచ్చ గాజుపళ్లేలు తీశాను. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఓట్స్ డబ్బాల్లో పెట్టి, సినిమా టికెట్టుతో కలిపి ఉచితంగా పంచినవి కూడా వీటిలో ఉన్నాయి. అంచుల్లో బుడగలు, సన్నని చారలు ఉంటాయి. అవి పుట్టుకతోనే వచ్చినవి, లోపాలనుకుని బెంగపడక్కర్లేదు. దేని నమూనాకీ రెండోది కలవలేదు. నాకలాగే ఇష్టం. పాత ఫొటో ఆల్బమ్‌లో కూర్చున్న బంధువుల్లా ఎవరి ముఖం వాళ్లదే, కానీ కుటుంబం ఒకటేనని తెలిసిపోతుంది.

భోజనాలు బాగానే జరిగాయి. ఒకావిడ మాత్రం గ్లాసు ముట్టుకోవాలంటే జంకింది. "ఇంత పాతవాటిలో తాగితే పోతాయేమోనండీ" అంది. పోతే పోతాయి, తాగడానికి చేసినవే అన్నాను. కాసేపటికి ఆమే ఆ గ్లాసు ఖాళీ చేసి అడుగు తిప్పి చూడసాగింది.

సర్దేటప్పుడు ఆయన బీరువా ముందు నిలబడి తేల్చారు: అరలు ఇంక మొయ్యలేవు, కొత్తది ఒకటి రావాలంటే పాతది ఒకటి పోవాలి. న్యాయమే. ఏది పోవాలో నాకు ముందే తెలుసు. పై అరలో అట్టపెట్టెలో ఆరు గ్లాసుల సెట్టు ఉంది. ఒక్క పెచ్చు లేదు, అడుగున ఒక్క గీత లేదు, అసలు ఎవరూ వాడినట్టే లేదు. సెట్లు పోగుచేసే పరిచయస్తురాలు ఎప్పటినుంచో అడుగుతోంది. రేపు ఆమెకి ఫోన్ చేస్తాను.