డేటా సెంటర్ సంగతి తర్వాత, ముందు నీళ్ల లెక్క చెప్పుండ్రి

మా టౌన్ పక్కన డేటా సెంటర్, అంటె ఇంటర్నెట్ నడిపే కంప్యూటర్ల గోదాం, వస్తదంట అని చాన రోజుల సంది వినపడుతుండె, ఇప్పుడు సర్వేయర్లు వచ్చి హద్దురాళ్లు పాతేదాక వచ్చింది. టౌన్ పేరు రాస్తలేను, నల్లగొండ జిల్లాల దేవరకొండ దిక్కు అనుకోండ్రి చాలు. పేరు రాస్తె తెల్లారేసరికి ఎకరం మీద ఇంకో పది లక్షలు పెంచేటోళ్లు మా దగ్గర మస్తుమంది ఉన్నరు.

హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ చేసే మా బామ్మర్ది ఫోన్ చేసి, "ఏం బావా, పొద్దంత రీల్స్ చూస్తరు, చాయ్‌కి గూడ ఫోన్‌పే కొడతరు, డేటా సెంటర్ అంటె మాత్రం ధర్నా చేస్తరా" అని నవ్విండు. నువ్వు రోజు అన్నం తింటవు గద, మిర్యాలగూడ రైస్ మిల్లు ఒకటి తెచ్చి మీ అపార్ట్‌మెంట్ కింద పెట్టాల్నా అన్న. అయినా మా దగ్గర ఎక్కువమంది వద్దనేటోళ్లు గాదు, అడిగేటోళ్లు. అడిగినదానికి జవాబు చెప్పేటోడు లేడు, పంచాయితంత అదే.

ఫంక్షన్ హాల్‌ల మీటింగ్ పెట్టిండ్రు. కన్సల్టెంట్ అంట ఒకాయన ప్రొజెక్టర్ పట్టుకొని వచ్చి చెట్లు, సోలార్ ప్లేట్లు ఉన్న బొమ్మలు చూపెట్టిండు, మొదటి దశల 20 మెగావాట్లు అన్నడు, కంపెనీ ఏందంటె మాత్రం "పెద్ద ఇంటర్నేషనల్ కంపెనీ, ఇప్పుడే పేరు చెప్పొద్దు" అంటడు. మా దగ్గర పిల్లనియ్యాలంటె పిలగాని ఇంటిపేరు సంది అడుగుతరు, వీళ్లకు వందల ఎకరాలు కావాలె గని పేరు చెప్పరంట. వెనక కుర్చీల కూసున్న ఒక పెద్దమ్మ లేసి, "అయ్యా, అది తాగిన నీళ్లు యాడికి పోతయి" అని అడిగింది. మిషన్లు వేడెక్కకుంట సల్లబరుస్తయమ్మా, ఆవిరైపోతయి అన్నడు. "మేము మడికి పెడితె కొన్నన్న భూమిలకు దిగి కింది బోర్లల్ల పడుతయి. గాలిల కలిపేటందుకు కృష్ణ నీళ్లు కావాల్నా మీకు" అన్నది. హాల్ అంత చప్పట్లు. ఆయన నెక్స్ట్ స్లైడ్‌కు పోయిండు.

ఆమె అడిగిందాంట్లనే అసలు సంగతంత ఉన్నది. నీళ్లు ఆవిరి చేసి సల్లబరిచే పద్ధతిల పోయిన నీళ్లు మళ్ల మనకు రావు. ఈ రంగంల మామూలుగ చెప్పే సగటు ఏందంటె మిషన్లు కాల్చే ఒక్కో యూనిట్ కరెంటుకు 1.8 లీటర్ల నీళ్లు. 20 మెగావాట్లు 24 గంటలు నడిస్తె రోజుకు 4.8 లక్షల యూనిట్లు, అంటె 8.64 లక్షల లీటర్లు. ఇంటింటికి తాగే నీళ్లిచ్చే మిషన్ భగీరథల ఊర్లల్ల మనిషికి రోజుకు 100 లీటర్లు అని లెక్క పెట్టుకున్నరు గద, ఆ లెక్కన ఇది 8,640 మంది నీళ్లు. మా టౌన్‌ల సగానికి పైన. అది గూడ మొదటి దశకే. గాలితోని సల్లబరిచే పద్ధతి ఉన్నది, దానికి నీళ్లు చాన తక్కువ, కరెంటు ఎక్కువ కావాలె. ఏ పద్ధతి పెడతరు సార్ అని అడిగితె "డిజైన్ స్టేజ్‌ల ఉన్నది" అంటడు. డిజైన్ కాకముందే హద్దురాళ్లు ఎట్ల పాతిండ్రో మరి!

కరెంటు సంగతి గూడ చెప్తె, 20 మెగావాట్లంటె 5 హెచ్‌పీ మోటర్లు 5,000 పైన ఒక్కపారి నడిచినట్టు.

నీళ్లకాడ మేము ఎందుకు ఇంత గట్టిగ పట్టుకుంటమో బయటోళ్లకు సమజ్ కాదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు బోరు నీళ్లు తాగి నడుములు వంగినోళ్లు, పండ్లు గారపట్టినోళ్లు ఎంతమందో, ఫ్లోరైడ్‌ల నుంచి బయటపడనీకి తరాలు పట్టింది. 2015ల మిషన్ భగీరథ పైలాన్ పెట్టింది మన చౌటుప్పల్‌లనే. ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాల్వ) సొరంగం, మాకు కృష్ణ నీళ్లు తెచ్చేది, ఇంక పూర్తి కాలే, 2025 ఫిబ్రవరిల కూలి 8 మంది అండ్లనే ఇరుక్కపోయిండ్రు. ఇంత తిప్పలుపడి కొండకింద నుంచి తేవాలని చూస్తున్న నీళ్లు ఎవరికి ముందు అనేది మమ్ములను అడిగి చెయ్యాలె గదా.

అడిగే దారే లేదు, నాకు అందరికంటె కోపం దీనికే. 2003ల పెద్ద అడిశర్లపల్లిల యురేనియం గనుల మీద పబ్లిక్ హియరింగ్, అంటె జనాన్ని పిలిచి అడిగే మీటింగ్, పెట్టిండ్రు, జనం మొకం మీదనే వద్దన్నరు. చిత్తనూరుల, పెద్ద ధన్వాడల ఇథనాల్ ఫ్యాక్టరీల మీద ఎంత లొల్లి అయిందో అందరం చూసినం. డేటా సెంటర్‌ను మాత్రం ఫ్యాక్టరీ లెక్క చూడరు, కాగితాలల్ల అది ఉత్త బిల్డింగ్. 2006 నాటి ఈఐఏ (పర్యావరణం మీద పడే ప్రభావం చూసే) నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు దాటిన బిల్డింగ్‌కు పర్యావరణ అనుమతి కావాలె గని పబ్లిక్ హియరింగ్ అక్కర్లేదు. ఉద్యోగాలు వస్తయి అన్నప్పుడు పెద్ద పరిశ్రమ, జనాన్ని అడగాల్సి వచ్చినప్పుడు షాపింగ్ మాల్ అసొంటి బిల్డింగ్, బాగుంది ఇది.

ఉద్యోగాలంటె గుర్తొచ్చింది, బీటెక్ చేసి రాపిడో నడుపుకునే మా వాడకట్టు పిలగాడు పర్మనెంట్ జాబులు ఎన్ని అని అడిగిండు. అరవై దాక అన్నరు. అండ్ల సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ తీసేస్తె ఎన్ని అన్నడు. దానికి స్లైడ్ లేదు.

మనోళ్లల్ల గూడ అందరు ఒక్కమాట మీద లేరు, దాచుడెందుకు. బోర్లు ఎండి రెండేండ్లుగ పడావు పెట్టినోళ్లు మంచి రేటు వస్తె అమ్ముకుంటం అంటరు, వాళ్లను తప్పు పట్టలేం. తండాల లావుణి పట్టా (సర్కారు పేదోళ్లకు ఇచ్చిన) భూములోళ్లది అసలు బాధ, అవి అమ్మనీకే రాదు, సర్కారు తీసుకుంటె ఇచ్చిందే పైసలు. ఇంక ధర్నాల ముందు వరుసల కూసున్న ఇద్దరు ముగ్గురు అడ్వాన్సులు తీసుకున్నోళ్లే, రేటు పెంచనీకి నినాదాలు ఇస్తున్నరు. వాట్సాప్‌ల తిరిగే "డేటా సెంటర్ రేడియేషన్‌తోని పిల్లలు పుట్టరు" అనే మెసేజ్ ఉత్త అబద్ధం, దయచేసి పంపకుండ్రి, అదొక్కటి చూపెట్టి మనం అడిగే నీళ్ల ముచ్చటను గూడ కొట్టేస్తరు.

అడిగితె ఏమైతది అనేటోళ్లకు ఒకటి చెప్త. అమెరికాల టూసాన్ అని ఎడారి సిటీ ఉన్నది, అక్కడ గూడ ఇట్లనే వెనక ఏ కంపెనీ ఉన్నదో చెప్పకుంట ప్రాజెక్ట్ బ్లూ అని డేటా సెంటర్ తెచ్చిండ్రు. జనం నీళ్ల మీద గట్టిగ నిలబడితె 2025 ఆగస్టుల సిటీ కౌన్సిల్ 7-0 తోని వద్దన్నది. తర్వాత కంపెనీ నీళ్లు తక్కువ వాడే పద్ధతికి మారుతం అన్నది. అంటె ముందు సందే ఆ పద్ధతి ఉన్నది, అడిగేదాక తియ్యలే.

మేము ఆర్‌టీఐ ఏసినం: నీళ్లు యాడికెల్లి, రోజుకు ఎన్ని, డీజిల్ జెనరేటర్లు ఎన్ని. 30 రోజులు దాటినంక "కంపెనీ వ్యాపార రహస్యం, ఇయ్యరాదు" అని ఒక్క లైన్ రాసి పంపిండ్రు. జనానికి అవసరమైతె అసొంటి సమాచారం గూడ ఇయ్యాలని అదే ఆర్‌టీఐ చట్టంల ఉన్నది, అది పట్టుకొని అప్పీల్ రాస్తున్నం. ఒక సాయం గావాలె. రంగారెడ్డి జిల్లాల ఉన్న మేకగూడ, ఇంక చందన్‌వెల్లి దిక్కు డేటా సెంటర్ల పక్కన ఉండేటోళ్లు ఎవరన్న ఇది చదివితె చెప్పుండ్రి, కరెంటు పోయినప్పుడు జెనరేటర్ల సౌండ్ ఎంతదూరం వస్తది, మీ బోర్లు ఎట్లున్నయి, మీ ఊరోళ్లు లోపల ఎంతమంది పనిచేస్తున్నరు. మంచిగుంటె మంచిగుందనే చెప్పుండ్రి, అది గూడ రాసుకుంటం.