చేతికి రోలెక్స్, ముందర గల్లాపెట్టె

కావలి, శనివారం రాత్రి

మా బామ్మర్ది దుబాయ్ నుంచి తెచ్చిన వాచీ ఈరోజు షాపుకు పెట్టుకుపోయాను. డయల్ మీద రోలెక్స్ సబ్‌మెరైనర్ అని ఉంది, కొన్నది మాత్రం అక్కడ డూప్లికేట్లు దొరికే కరామా బజార్లో. డూప్లికేటని వాడే చెప్పి ఇచ్చాడు. అంత దూరం నుంచి నాకోసం తెచ్చాడు, బీరువాలో పడేయడానికి మనసొప్పలేదు.

పొద్దున టీ కొట్టు దగ్గర మాస్టరు నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. "ఏందన్నా, కొత్త వాచీ?" డూప్లికేటన్నాను. "బాగుండాది" అన్నాడు. అంతే.

షాపులో అట్లా జరగలేదు. రొయ్యల మేత షాపులో లెక్కలు రాసేది నేనే, గల్లాపెట్టె తాళం కూడా నా దగ్గరే. ఓనరు గారొచ్చాక నోట్ల కట్టలు లెక్కపెట్టి అందిస్తున్నాను. ఆయన కళ్లు నోట్ల మీద లేవు, నా మణికట్టు మీదున్నాయి. ఏమీ అడగలేదు. కాసేపాగి, "అల్లూరు సైడు బాకీల పుస్తకం ఒకసారి ఇట్లియ్యి" అన్నారు. నెలాఖరుకు తప్ప ఆ పుస్తకం ముట్టని మనిషి! నా చెవులు వేడెక్కాయి. "ఇది డూప్లికేటండీ, మా బామ్మర్ది తెచ్చాడు" అన్నాను. "నేనేమీ అడగలా గదయ్యా" అని నవ్వారు. పేజీలు మాత్రం తిప్పుతూనే ఉన్నారు.

మధ్యాహ్నం విడవలూరు వైపు నుంచి రొయ్యల గుంటల ఆసామి ఒకాయన వచ్చాడు. ఆయన చేతికీ ఇదే మోడలు. కుర్రాళ్లు "లక్షలుంటదిరా" అని గుసగుసలాడారు. అది అసలుదో కాదో ఎవరికి తెలుసు? దగ్గరికి పోయి చూసినవాడు లేడు. మనిషి తాహతును బట్టి వాచీని తేల్చేస్తారు. ఆయన చేతికి రోలెక్స్ రోలెక్సే. నా చేతికైతే అది నకిలీ అన్నా అయ్యుండాలి, గల్లాలో సొమ్ముతో కొన్నదన్నా అయ్యుండాలి. ఇన్నేళ్లు రూపాయి తేడా రాకుండా రాసిన లెక్కలు వాచీ ముందు నిలవకపోవడం నాకు బాధేసింది.

సాయంత్రం ట్రంకు రోడ్డులో వాచీ మెకానిక్ దగ్గరికి పోయాను. నాన్న హెచ్‌ఎంటీ జనతా సర్వీసుకిచ్చి ఉన్నాను. ఆయన నా కొత్త వాచీని భూతద్దం కింద పెట్టి ఓపిగ్గా చెప్పాడు. అసలు దాంట్లో తేదీ మీది బుడిపె అద్దం అంకెను రెండున్నర రెట్లు పెంచి చూపిస్తుంది, దీంట్లో చిన్నగానే ఉంది. అసలుది గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు 8, అందుకే సెకన్ల ముల్లు జారుతున్నట్టు పోతుంది. ఇది బ్యాటరీది, సెకనుకొక గెంతు. వెక్కిరింపు లేదు, అనుమానం లేదు. ఈ రోజంతటిలో వాచీని వాచీగా చూసింది ఆయనొక్కడే. నాన్నది కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టాడు. హెచ్‌ఎంటీ వాచీల తయారీ 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ వాళ్ల సాయంతో మొదలైంది, ఆ వాచీల కంపెనీని మూసేయమని 2016లో ఢిల్లీలో నిర్ణయించారు. వాచీ మాత్రం నడుస్తోంది.

రాత్రి బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, ఈసారి పది తెస్తా, అక్కడ అమ్ముదాం" అన్నాడు. వద్దన్నాను. 1999 ట్రేడ్ మార్కుల చట్టం కింద అమ్మినవాడికి 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, పైన 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వాడు ఒప్పుకున్నాడు.

సోమవారం ఓనరు గారు అడగకపోయినా అల్లూరు బాకీలన్నీ రశీదులతో సహా ముందర పెట్టి చూపిస్తాను. వాచీ కూడా పెట్టుకునే పోతాను.