ఒక్క మైక్రోవేవ్ ఫోటాన్: సగటు సున్నా వచ్చిన కథ (నా అనుభవం)

హమ్మయ్య, ఇయ్యాల డిప్ కనబడింది! గీ-టూ అంటే రెండు ఫోటాన్లు జంటగా వచ్చే అవకాశం చెప్పే కొలత. పక్క పల్సుల దగ్గర అది ఒకటి చుట్టే ఉంది, సున్నా ఆలస్యం దగ్గర కిందికి జారింది, అంటే ఫోటాన్లు ఒక్కొక్కటే వస్తున్నయి. ఫోటాన్ వదిలే చిప్, దాన్ని చల్లబెట్టే ఫ్రిజ్ వేరే ఊరి ల్యాబుల ఉన్నయి. హన్మకొండల కూసోని నేను చేసేది లెక్కలే.

చల్లబెట్టుడు పెద్ద కథ కాదు. 6 గిగాహెర్ట్జ్ ఫోటాన్ అంటే 0.29 కెల్విన్ అంత శక్తి. గది వేడి నుంచి చిప్‌కు పోయే కేబుళ్లల్ల వెయ్యి ఫోటాన్ల దాక దిగుతయి కాబట్టి 4 కెల్విన్, 100 మిల్లీకెల్విన్, 20 మిల్లీకెల్విన్ మెట్ల దగ్గర 20 డీబీ చొప్పున (అంటే వంద రెట్లు) తగ్గించే అటెన్యుయేటర్లు పెడ్తరు. ట్రాన్స్‌మాన్‌కు (చిప్ మీది క్యూబిట్) పై (π) పల్స్, అంటే దాన్ని పూర్తిగా మీది స్థాయికి ఎత్తే పల్స్, కొడితే అది కేవిటీ (మైక్రోవేవ్ రెసొనేటర్) మీదుగా ఒక్క ఫోటాన్ వదులుతది.

పరువు పోయింది దీని తర్వాతనే. ల్యాబ్ పంపిన ఫైల్‌ల పై-బై-టూ (π/2, సగమే ఎత్తే) పల్స్‌కు మంచి సిగ్నల్, పై పల్స్‌కు సున్నా. "ఏదయ్యా నీ ఫోటాన్?" అని మీటింగ్‌ల అందరి ముందు నవ్విండ్రు. అట్ల నవ్వేటోళ్లు 2007ల అమెరికా యేల్ యూనివర్సిటీ వాళ్లు నేచర్‌ల అచ్చేసిన పేపర్ ఒకసారి తిరగేస్తే బాగుండేది. సరిగ్గా ఒక్క ఫోటాన్ ఉంటే దానికి ఫేజ్ ఉండదు, వోల్టేజ్ సగటు సున్నా కావాల్సిందే. పై-బై-టూ పల్స్‌తో వచ్చేది సున్నా, ఒకటి కలిసిన స్థితి. ఫేజ్ దానికే ఉంటది. పై దగ్గర గరిష్ఠంగా ఉండాల్సింది పవర్.

పవర్ తేలాలంటే ప్రతి షాట్‌ను (ఒక్కసారి పల్స్ కొట్టి తీసిన కొలత) ముందు వర్గం చేసి, తర్వాత సగటు తీయాలె. ల్యాబోళ్లేమో సిగ్నల్‌ను అంకెలు చేసే డిజిటైజర్ కార్డు మీదనే సగటు తీసి పంపిండ్రు. అన్నం వండి పంపి బియ్యం గింజలు లెక్కపెట్టుమన్నట్టు! ముడి డేటా అడిగితే "చాలా ఎక్కువైతది" అన్నరు. అబద్ధం కాదు: సెకండుకు 250 మెగాశాంపిళ్లు, శాంపిల్‌కు 2 బైట్లు తీసే కార్డు, ఒక మైక్రోసెకండు, రెండు ఛానళ్లు కలిపి షాట్‌కు 1 కేబీ. 10 మైక్రోసెకండ్లకొక షాట్ అంటే గంటకు 360 జీబీ. కానీ ఫోటాన్ ఆకారంలోనే తగ్గే ఎక్స్‌పొనెన్షియల్ ఫిల్టర్‌ను ఎఫ్‌పీజీఏలో (మనం ప్రోగ్రామ్ చేసుకునే చిప్) పెడితే ఛానల్‌కు ఒక్క కాంప్లెక్స్ సంఖ్య మిగుల్తది: షాట్‌కు 16 బైట్లు, గంటకు 6 జీబీ లోపే. ఇది ఒప్పించుడు ఫిజిక్స్ కంటే కష్టమైంది. మీరైతే మొదటి మెయిల్‌లనే రాసి పెట్టుకోండ్రి.

తర్వాత నాయిస్. హెమ్ట్ (తక్కువ నాయిస్ ట్రాన్సిస్టర్) యాంప్లిఫయర్ నాయిస్ 3 కెల్విన్ అయితే, అది దాదాపు 10 ఫోటాన్ల నాయిస్ కలుపుతది. కావాల్సిన షాట్ల సంఖ్య పవర్‌కు ఆ నాయిస్ వర్గంగా, గీ-టూకు నాలుగో ఘాతంగా, అంటే 10,000 రెట్లు పెరుగుతది. అందుకే సిగ్నల్‌ను బీమ్ స్ప్లిటర్‌తో చీల్చి రెండు వేర్వేరు యాంప్లిఫయర్లకు ఇస్తరు. వాటి నాయిస్‌లకు పొంతన ఉండదు గనుక గుణిస్తే సగటున పోతది. స్ప్లిటర్ ఖాళీ పోర్టుకు 50 ఓమ్ లోడ్ 20 మిల్లీకెల్విన్ దగ్గరనే ఉండాలె. యాంప్లిఫయర్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే రెట్లు) జారుతది కాబట్టి పల్స్ ఉన్న షాట్, లేని షాట్ ఒకదాని వెంట ఒకటి తీయాలె.

పల్స్ లేని షాట్లల్ల గూడ రెండు ఛానళ్లకు పొంతన కనబడితే కార్డు ఇన్‌పుట్లు రెండూ ఊడదీసి 50 ఓమ్ టెర్మినేటర్లు పెట్టి చూడుండ్రి. అప్పుడూ పోకుంటే దొంగ కార్డులోనే ఉన్నడు.