నా మానాన నన్ను వదిలేయండి

హాలీవుడ్ తార గ్రెటా గార్బో సినిమా ఒక్కటీ చూడనివారు కూడా ఆమె పేరు మీద చెలామణీ అవుతున్న ఒక మాటను ఎక్కడో ఒకచోట వినే ఉంటారు: "నాకు ఒంటరిగా ఉండాలని ఉంది." మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైన 1932లోనే అమెరికాలో వచ్చిన 'గ్రాండ్ హోటల్' చిత్రంలో, అలసిపోయిన నర్తకి పాత్ర చెప్పే మాట అది. పాత్ర నోటి మాట మనిషికి అంటుకుపోయింది. తాను ఒంటరిగా ఉండాలని ఎన్నడూ అనలేదనీ, తనను తన మానాన వదిలేయమని మాత్రమే అన్నాననీ, ఆ రెంటికీ ఎంతో తేడా ఉందనీ ఆమె తర్వాతి కాలంలో చెప్పుకుంది కానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. ఇంగ్లీషులో ఆ తేడా అంతా 'లెట్' అన్న ఒక్క చిన్న పదంలో ఇమిడి ఉంది కనుక దాన్ని మింగేయడం పత్రికలకు తేలికైంది. తెలుగులో 'ఒంటరిగా' అన్న మాటకూ 'నా మానాన' అన్న మాటకూ పొరపాటు పడే అవకాశమే లేదు. అందువల్ల ఆమె జీవితాన్ని ఈ రెండో మాట వెంట చదివితే ఎలా ఉంటుందో చూద్దామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆమె అసలు పేరు గ్రెటా లొవీసా గుస్తాఫ్సన్. 1905 సెప్టెంబరు 18న స్టాక్‌హోమ్ నగరంలో, కూలీనాలీ చేసుకునేవారు కిక్కిరిసి బతికే సోడర్‌మాల్మ్ ప్రాంతంలో పుట్టింది. ముగ్గురు పిల్లల్లో ఆమే ఆఖరిది. పద్నాలుగేళ్ల వయసులో, 1920లో, తండ్రి జబ్బుచేసి చనిపోవడంతో చదువు ఆగిపోయింది. మొదట ఒక క్షౌరశాలలో గడ్డాలకు సబ్బు నురగ పట్టించే పని చేసింది. ఆ తర్వాత పబ్ అనే పెద్ద దుకాణంలో టోపీలు అమ్మే విభాగంలో చేరింది. ఆ దుకాణంవారి జాబితా పుస్తకంలో టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగడం, వారి ప్రకటన చిత్రంలో కనిపించడం ఆమెకు కెమెరాతో తొలి పరిచయం. 1922లో ఒక చిన్న హాస్యచిత్రంలో వేషం వేసి, అదే ఏడాది రాజ నాటకశాలకు చెందిన నటనా పాఠశాలలో సీటు సంపాదించింది.

దర్శకుడు మౌరిట్స్ స్టిల్లర్ ఆమెను చూసింది అక్కడే. ఆయన 1924లో తీసిన 'గోస్టా బెర్లింగ్ కథ'లో ఆమెకు ముఖ్యపాత్ర ఇచ్చాడు. ఆ చిత్రం నాటికే ఆమె గార్బో అయింది. ఎలా నడవాలో, ఏం తినాలో, ఎవరితో మాట్లాడాలో కూడా ఆయనే నిర్ణయించేవాడు. హాలీవుడ్‌లోని ఎంజీఎం సంస్థ వారిద్దరితో ఒప్పందం చేసుకోవడంతో 1925లో గురుశిష్యులు కలిసి అమెరికా ఓడ ఎక్కారు. అక్కడ కథ తలకిందులైంది. ఆమెతో తీస్తున్న రెండో చిత్రం మధ్యలోనే స్టిల్లర్‌ను తప్పించి వేరే దర్శకుణ్ణి పెట్టారు. ఆయన స్వీడన్‌కు తిరిగి వెళ్లి 1928లో, నలభై అయిదేళ్లకే మరణించాడు. అంతకు ముందే, 1926లో, ఆమె అక్క ఆల్వా స్వదేశంలో కన్నుమూసింది. చెల్లెలు కడసారి చూపుకు వెళ్లలేకపోయింది. భాష సరిగా రాని దేశంలో ఇరవై దాటీ దాటని పిల్లకు ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడ్డాయని గుర్తుంచుకుంటే, ఆమె మౌనాన్ని 'అంతుచిక్కని రహస్యం' అని పొగిడే వ్యాసాల మీద నాకు విసుగు కలుగుతుంది.

ఆ తొలి రోజుల ఫొటో ఒకటి ఇంటర్నెట్‌లో తరచుగా కనిపిస్తుంది. ఎంజీఎం చిత్రాల మొదట్లో గర్జించే సింహం ఉంది కదా, ప్రచారం కోసం ఆ సంస్థవారు గార్బోను ఒక నిజమైన సింహం పక్కన కుర్చీలో కూర్చోబెట్టి తీయించిన ఫొటో అది. సింహం నిబ్బరంగా ఉంటుంది. ఆమె మాత్రం శరీరమంతా అవతలి పక్కకు లాక్కుని, ఎప్పుడు లేచిపోదామా అన్నట్టు కూర్చుని ఉంటుంది. కళాశాల పరుగుపందేల కుర్రాళ్లతో కలిపి ఆటల దుస్తుల్లోనూ ఫొటోలు తీయించారు. కొత్తగా వచ్చిన నటీమణులందరికీ ఆ కాలంలో తప్పని తతంగమే ఇది. కాస్త పేరు రాగానే ఆమె చేసిన మొదటి పని ఇలాంటి వాటిని మానేయడం. క్రమంగా ఇంటర్వ్యూలు ఇవ్వడం, సంతకాలు పెట్టడం, చిత్రాల ప్రారంభోత్సవాలకు వెళ్లడం, అభిమానుల ఉత్తరాలకు జవాబివ్వడం కూడా మానేసింది. సంస్థ మొదట తల పట్టుకున్నా, మాట్లాడే తారల కంటే మాట్లాడని తార గురించే పత్రికలు ఎక్కువ రాస్తున్నాయని గ్రహించి, ఆ మౌనాన్నే అమ్ముకోవడం మొదలుపెట్టింది. ఖర్చు లేని ప్రచారం మరి!

1926 చివర జాన్ గిల్బర్ట్ సరసన నటించిన చిత్రం విజయవంతం కాగానే ఆమె వారానికి 5,000 డాలర్ల జీతం అడిగింది. అప్పటికి ఆమెకు వస్తున్నది వందల్లోనే. సంస్థ కాదంటే నెలల తరబడి సెట్టుకు వెళ్లకుండా ఇంట్లో కూర్చుంది. బెదిరించారు, జీతం ఆపారు, చివరకు దిగివచ్చారు. లోకం తెలియని ముగ్ధ చేసే పని కాదిది. తనను తన మానాన వదిలేయాలంటే తనకంటూ డబ్బుండాలని, సోడర్‌మాల్మ్ ఇరుకు ఇంట్లో పెరిగిన మనిషికి ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ తర్వాత సెట్టులో ఆమె మాటే చెల్లింది: ఆమె దృశ్యాలు తీసేటప్పుడు చుట్టూ తెరలు కట్టాలి, బయటివారెవరూ ఉండకూడదు, సాయంత్రం అయిదు కాగానే ఆమె వెళ్లిపోతుంది. ఆమె చిత్రాలలో అధిక భాగానికి విలియం డేనియల్సే ఛాయాగ్రాహకుడు. మనకు తెలిసిన ఆ ముఖంలో సగం ఆయన వెలుగునీడల పనితనమేనని నా అభిప్రాయం.

టాకీలు వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ భయపడింది ఎంజీఎం. ఆమె స్వీడిష్ యాస జనానికి రుచిస్తుందో లేదోనని చివరి వరకూ మూకీలే తీయించి, 1930లో 'అన్నా క్రిస్టీ'తో ధైర్యం చేసింది. "గార్బో మాట్లాడుతోంది!" అన్నదే దాని ప్రకటన. ఓడరేవులోని ఒక సారా కొట్టు తలుపు తోసుకుని పెట్టెతో లోపలికి వచ్చి, కుర్చీలో కూలబడి ఆమె పలికే తొలి మాట ఒక విస్కీ, పక్కన జింజర్ ఏల్ తెమ్మని, పోయడంలో పిసినారితనం చేయవద్దని. గొంతు లోతుగా, కాస్త బొంగురుగా ఉంటుంది. మూకీల నాటి ముఖానికి ఆ గొంతు అతికినట్టు సరిపోయింది. తారలెందరో మునిగిపోయిన ఆ రేవును ఆమె క్షేమంగా దాటింది.

ఆమె నటన గురించి ఒక్క దృశ్యమే చెప్పమంటే నేను 1933 నాటి 'క్వీన్ క్రిస్టినా' ముగింపును చెబుతాను. సింహాసనాన్ని వదులుకుని వచ్చిన రాణి, ప్రియుడు చనిపోయాక ఓడ ముందుభాగాన నిలబడి సముద్రాన్ని చూస్తుంది. దూరం నుంచి మొదలైన కెమెరా మెల్లగా ముఖం దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. జుట్టు గాలికి కదులుతుంది తప్ప ముఖంలో ఏ కదలికా ఉండదు. ఏమీ ఆలోచించవద్దని, ముఖాన్ని తెల్లకాగితంలా ఉంచమని, వీలైతే రెప్ప కూడా వేయవద్దని దర్శకుడు రూబెన్ మమూలియన్ ఆమెకు చెప్పాడు. చూసేవాడు తన మనసులో ఉన్నదే ఆ కాగితం మీద రాసుకుంటాడు. నేను మొదటిసారి చూసినప్పుడు అది దుఃఖమనుకున్నాను. మళ్లీ చూసినప్పుడు విడుదల అనిపించింది. ఈ చిత్రంలో నాయకుడిగా, అప్పటికే వెలుగు తగ్గిన జాన్ గిల్బర్టే ఉండాలని ఆమె పట్టుబట్టిందన్నది కూడా చెప్పదగిన సంగతే.

నవ్వని తారగా పేరుపడిన ఆమెను 1939లో 'నినోచ్కా'లో దర్శకుడు ఎర్న్‌స్ట్ లూబిచ్ నవ్వించాడు. ఒక హోటల్లో కథానాయకుడు ఆమెకు హాస్యకథ చెబుతాడు: ఒకడు మీగడ లేని కాఫీ తెమ్మంటాడు, వడ్డించేవాడు వెళ్లివచ్చి, "అయ్యా, మీగడ అయిపోయింది, పాలే ఉన్నాయి, పాలు లేని కాఫీ తెమ్మంటారా?" అంటాడు. చుట్టుపక్కల వాళ్లు పొట్టలు పట్టుకుంటారు గానీ ఆమె ముఖం చెక్కుచెదరదు. అతను ఉక్రోషంతో వెనక్కి వాలి, కుర్చీతో సహా దబ్బున పడతాడు. అప్పుడు పగలబడి నవ్వుతుంది. చిత్రం పెద్ద విజయం సాధించింది. కానీ అదే ధోరణిలో తీసిన తర్వాతి చిత్రం 1941లో విమర్శకుల చీవాట్లు తిన్నది. మత సంస్థల అభ్యంతరాలకూ గురైంది. ఆమె చిత్రాలకు ప్రధాన ఆదాయాన్నిచ్చే ఐరోపా మార్కెట్టు యుద్ధంతో మూసుకుపోయింది. అప్పటికి ఆమె వయసు 36. విరమిస్తున్నానని ఆమె ప్రకటించలేదు. తర్వాతి చిత్రం మాత్రం రాలేదు.

మళ్లీ నటించాలన్న కోరిక లేకపోలేదు. 1949లో ఫ్రెంచి రచయిత బాల్జాక్ కథ ఆధారంగా తీయదలచిన చిత్రం కోసం కెమెరా పరీక్షకు వెళ్లింది. తీసినవారిలో డేనియల్స్ కూడా ఉన్నాడు. పెట్టుబడి కుదరక ఆ చిత్రం ఆగిపోయింది. ఆ రీళ్లు తిరిగి దొరికింది 1990లో, ఆమె పోయిన సంవత్సరంలో. గౌరవ ఆస్కార్ పురస్కారాన్ని ప్రదానం చేసిన 1955 సభకు ఆమె వెళ్లలేదు.

1953లో న్యూయార్క్‌లో ఈస్ట్ రివర్‌కు ఎదురుగా ఒక ఫ్లాట్ కొనుక్కుని చివరిదాకా అక్కడే ఉంది. గోడలకు ఫ్రెంచి చిత్రకారులు రెన్వార్, బోనార్డ్‌ల చిత్రాలు ఉండేవి. మిత్రులుండేవారు, ప్రయాణాలు చేసేది, హ్యారియెట్ బ్రౌన్ అనే మారుపేరు వాడుకునేది. మనుషులంటే గిట్టని సన్న్యాసిని జీవితం కాదది. అన్నింటినీ మించి రోజూ మైళ్ల కొద్దీ నడిచేది: నల్ల కళ్లద్దాలు, టోపీ, పొడవాటి కోటు, గబగబా అడుగులు. దుకాణాల అద్దాల ముందు ఆగి చూసేది. తలుపులు బిగించుకుని దాక్కోవలసిన మనిషి ప్రపంచంలోకెల్లా రద్దీ నగరాల్లో ఒకదాని నడిబొడ్డున రోజూ వీధుల వెంట ఎందుకు తిరుగుతుంది? ఆమెకు కావలసింది వీధి. ఆ వీధిలో ఎవరూ తన భుజం తట్టకపోవడం. ఎదురుపడిన వారిలో చాలామంది ఆ మర్యాద పాటించారు. కెమెరాలతో వెంటపడినవారు పాటించలేదు.

1990 ఏప్రిల్ 15న, ఈస్టర్ ఆదివారం నాడు, 84 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. అస్థికలను 1999లో స్టాక్‌హోమ్‌కు తీసుకువెళ్లి స్కోగ్‌స్‌షిర్కోగార్డెన్ శ్మశానవాటికలో, పైన్ చెట్ల మధ్య ఉంచారు. 2016లో వచ్చిన స్వీడన్ వంద క్రోనర్ల నోటు మీద ఆమె బొమ్మ వేశారు. శ్మశానంలోని రాయి మాత్రం నిరాడంబరంగా ఉంటుంది. బతికినంతకాలం అభిమానులు ఎంత అడిగినా సంతకం పెట్టని మనిషి. ఆ రాతి మీద చెక్కి ఉన్నది ఆమె సంతకమే.