ఆక్టేవియా ఆర్‌ఎస్‌కు నేను ఎంచుకున్న ఇంజిన్ ఆయిల్

మూడేళ్ల క్రితం స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, 230 హార్స్‌పవర్. కొన్న కొత్తలో హైదరాబాదులోని ఒక వర్క్‌షాపులో సర్వీసు చేయించి బిల్లు చూసుకుంటే, ఆయిల్ గురించి 'ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ-30' అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదు. ఏ కంపెనీది, దానికి ఏ అప్రూవల్ (కారు కంపెనీ ఆమోదం) ఉంది అని అడిగాను. డ్రమ్ములోంచి పోశామని, సింథటిక్ ఏదైనా ఒకటేనని జవాబు వచ్చింది. ఆ జవాబుతో నాకు నిద్ర పట్టలేదు. వారం తిరగకుండానే ఆ ఆయిల్ తీయించి, వేరేది పోయించాను. ఆ వారమంతా చదివినదీ, తర్వాత మూడేళ్లలో తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా డబ్బా మీది అంకెలు. 5డబ్ల్యూ-40లో 'డబ్ల్యూ'కు ముందున్న 5 చలికి సంబంధించినది. మైనస్ 30 డిగ్రీల చలిలో కూడా ఇంజిన్ తిరిగేంత పల్చగా ఆ ఆయిల్ ఉండాలి. 0డబ్ల్యూ అయితే ఆ పరీక్ష మైనస్ 35 దగ్గర జరుగుతుంది. మన చలికాలపు తెల్లవారుజాముకు ఈ తేడాతో పెద్ద పని లేదు. వెనుక ఉన్న 40 అసలు మన అంకె, ఎందుకంటే అది 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉండాలో చెబుతుంది. అయితే ఇంజిన్‌లో తిరిగే షాఫ్టులను మోసే బేరింగుల మధ్య పరిస్థితి ఆ పరీక్ష కంటే చాలా కఠినంగా ఉంటుంది. అక్కడ ఆయిల్ పొర ఎంత గట్టిగా నిలబడుతుందో చూడడానికి 150 డిగ్రీల వద్ద, విపరీతమైన ఒరిపిడిలో చిక్కదనాన్ని కొలుస్తారు. దీనినే హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలతో కనిపించకపోయినా, వేగంగా నడిపే కారుకు నేను అన్నిటికంటే ముందు చూసే అంకె ఇదే.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. 30 గ్రేడ్ అనగానే పల్చన, 40 అనగానే చిక్కన అని తేల్చేస్తారు. మామూలు 30 గ్రేడ్ ఆయిల్‌కు హెచ్‌టీహెచ్‌ఎస్ కనీసం 2.9 ఉంటే చాలు. కానీ స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వాగన్ వారి 504 00 అప్రూవల్ ఉన్న 5డబ్ల్యూ-30కు అది కనీసం 3.5 ఉండి తీరాలి. 5డబ్ల్యూ-40కు ఉండవలసిన కనీస విలువ కూడా 3.5 మాత్రమే. అంటే డబ్బా మీద ఒకే 5డబ్ల్యూ-30 అని రాసి ఉన్న రెండు ఆయిళ్లు బేరింగు దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా వేరువేరుగా ప్రవర్తించవచ్చు. ఆ డ్రమ్ములో ఉన్నది వీటిలో ఏదో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. నా ఆందోళన అంతా అందుకే. అదే కంపెనీ వారి 508 00 అప్రూవల్ మరీ పల్చటి 0డబ్ల్యూ-20కి సంబంధించినది. దానికోసం తయారైన కొత్త ఇంజిన్లలోనే దానిని వాడాలి. కొత్తది కనుక మేలైనదనుకుని పాత ఇంజిన్‌లో పోయకూడదు.

చిక్కదనం ఎంత పెరిగితే అంత రక్షణ అనుకోవడం కూడా సరికాదు. రేసింగ్ కార్ల పేరు చెప్పి 10డబ్ల్యూ-60 పోయించుకునేవారిని చూశాను. పాత ఈ46 తరం ఎం3 కారులోని 3.2 లీటర్ల ఇంజిన్‌కు బీఎండబ్ల్యూ ఆ గ్రేడునే నిర్దేశించింది. 8,000 ఆర్‌పీఎం వరకు తిరిగే ఆ ఇంజిన్ అవసరం వేరు, నా టర్బో ఇంజిన్ అవసరం వేరు. అనవసరంగా చిక్కటి ఆయిల్ పోస్తే ఉదయం స్టార్ట్ చేసినప్పుడు అది పైభాగాలకూ టర్బోకూ చేరడం ఆలస్యమవుతుంది, ఇంజిన్ శక్తి కూడా కొంత దానిని తిప్పడానికే ఖర్చవుతుంది.

టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే పద్ధతి) రెండూ ఉన్న ఇంజిన్లకు ఇంకో ప్రమాదం ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో, పై గేరులో యాక్సిలరేటరును ఒక్కసారిగా తొక్కితే, స్పార్క్ ప్లగ్ మండించకముందే సిలిండరులోని మిశ్రమం తనంతట తానే అంటుకోవచ్చు. అది తీవ్రంగా ఉంటే పిస్టన్ పగిలిపోతుంది. పెట్రోలుతో కలిసిన ఆయిల్ తుంపరలు దీనికి ఒక కారణమనీ, ఆయిల్‌ను శుభ్రంగా ఉంచడానికి కలిపే కాల్షియం రసాయనాలు దీనిని పెంచుతాయనీ, వాటిలో కొంత భాగానికి బదులు మెగ్నీషియం వాడితే తగ్గుతుందనీ పరిశోధనల్లో తేలింది. అందుకే 2020లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి ఎస్‌పీ ప్రమాణంలో దీనికి ప్రత్యేక పరీక్ష ఉంది. నా కారులోని డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు డీ మోడ్‌లో త్వరగా పై గేరుకు వెళ్లిపోతుంది కనుక, డబ్బా మీద ఎస్‌పీ అన్న అక్షరాలు లేకుండా నేను కొనను.

'సింథటిక్' అన్న మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను. ముడి చమురు నుంచి గాఢంగా శుద్ధి చేసిన 'గ్రూప్ 3' రకం బేస్ ఆయిల్‌ను (రసాయనాలు కలపకముందు ఉండే మూల నూనెను) కూడా చాలా దేశాల్లో సింథటిక్ అనే అమ్ముతారు. అది మంచి ఆయిల్ కాదని నా ఉద్దేశం కాదు. ఆ మాట ఒక్కటే ఏమీ రుజువు చేయదని మాత్రమే అంటున్నాను. అప్రూవల్ సంగతి అలా కాదు. అయితే డబ్బా వెనుక భాషను జాగ్రత్తగా చదవాలి. 'వీడబ్ల్యూ 502 00 అప్రూవల్ పొందినది' అంటే కారు కంపెనీ, ఇక్కడ వీడబ్ల్యూ అనే ఫోక్స్‌వాగన్, ఆ ఆయిల్‌ను ఆమోదించిందని అర్థం. '502 00 అవసరమైన కార్లకు సిఫార్సు చేస్తున్నాము' అంటే అది ఆయిల్ అమ్మేవారి మాట మాత్రమే.

అన్నీ చూసుకుని, 502 00 అప్రూవల్, ఏపీఐ ఎస్‌పీ రెండూ ఉన్న 5డబ్ల్యూ-40 దగ్గర ఆగాను. మన వేసవిలో, ఔటర్ రింగు రోడ్డు మీద గంటసేపు నడిపాక కూడా ఆయిల్ ఉష్ణోగ్రత అదుపులోనే ఉంటోంది. మాన్యువల్‌లో 15,000 కిలోమీటర్ల వరకు అవకాశం ఉన్నా, నగరం ట్రాఫిక్‌లో నిలబడి ఇంజిన్ తిరిగే గంటలు కిలోమీటర్ల లెక్కలోకి రావు కనుక 7,500కే మార్పిస్తున్నాను. అధీకృత పంపిణీదారు దగ్గర సీలు వేసిన డబ్బాలు నేనే కొని, ఎదురుగా నిలబడి పోయిస్తాను. ఖాళీ డబ్బాలు నకిలీ ఆయిల్ నింపేవారి చేతికి చేరకుండా అక్కడే కోయిస్తాను. ఈ ఇంజిన్‌కు ఐదు లీటర్ల డబ్బా ఒక్కటీ చాలదు, ఇంకో లీటరు డబ్బా కూడా కావాలి. మిగిలిన కొద్దిపాటి ఆయిల్‌ను మూత బిగించి, తేదీ రాసి డిక్కీలో ఉంచుతాను. దూర ప్రయాణంలో స్థాయి తగ్గితే, దారిలో దొరికినది కాకుండా అదే పోయవచ్చు.