నాంపల్లిలో ఈజిప్టు అమ్మాయి

పని మీద హైదరాబాద్ వెళ్లిన నాకు గుంటూరు బండికి ముందు ఒక పూట ఖాళీ దొరికింది. బేగంపేటలో ఉండే మా బావ, "చార్మినార్ ఎక్కడికీ పోదు గానీ పద, ఈజిప్టు మమ్మీని చూద్దాం" అన్నాడు. అమీర్‌పేటలో మెట్రో మారి నాంపల్లిలో దిగి పబ్లిక్ గార్డెన్స్‌లోకి నడిచాం. తెలంగాణ స్టేట్ మ్యూజియం అందులోనే ఉంది. శిల్పాలు, నాణేలు బోలెడున్నాయి, కానీ జనం మాత్రం వాటిని దాటుకుంటూ మమ్మీ ఎక్కడ అని అడుగుతున్నారు.

గాజు పెట్టెలో పడుకుని ఉంది. ఒళ్లంతా నార గుడ్డ చుట్లు, రెండు వేల ఏళ్లు దాటిన గుడ్డ కాబట్టి ముదురు గోధుమ రంగుకి తిరిగిపోయింది. ముఖం మీద రంగులేసిన తొడుగు, అందులో కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. పేరు నైషు, రాజకుమారి అంటారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లకి కొన్నాడట. అది ఏడో నిజాం చేతికి, ఆయన నుంచి 1930లో మ్యూజియానికి వచ్చింది. 2016లో సీటీ స్కాన్ తీసి, ఇంకా పాడవకుండా నైట్రోజన్ నింపిన పెట్టెలోకి మార్చారు. ఆ పని చేసినవాళ్లకి నిజంగా దండం పెట్టాలి.

నా పక్కనే నలుగురు కుర్రాళ్లు పెట్టెకి ఆనుకుని సెల్ఫీ దిగుతున్నారు. నాకు కడుపులో దేవినట్టయింది. వాళ్లని తప్పుపట్టను, అక్కడ ఆమెని మనిషిగా చూడమని వాళ్లకి చెప్పిందెవరు? ఆమెకి అంత్యక్రియలు చేసి, మళ్లీ బతుకుంటుందని నమ్మి సాగనంపిన అమ్మా నాన్నలు ఉండుంటారు కదా.

"చచ్చిపోయి రెండు వేల ఏళ్లయింది, ఇప్పుడు ఎవరికి నొప్పిరా?" అన్నాడు బావ. పైగా దొంగతనం కాదు, డబ్బిచ్చి కొన్నది అని కూడా అన్నాడు. అదీ నిజమే, ఆ రోజుల్లో ఈజిప్టులో పురావస్తువుల అమ్మకం బాహాటంగా జరిగేది, కైరో మ్యూజియంలోనే అమ్మకాల గది ఉండేది. దాన్ని పూర్తిగా ఆపింది 1983 చట్టం. కానీ అప్పట్లో ఆ దేశం మీద పెత్తనం బ్రిటిష్ వాళ్లది, అమ్మినవాడెవడైనా ఆ శరీరం వాడి సొత్తు మాత్రం కాదు.

నాది గుంటూరు కాబట్టి ఈ మాట ఇంకాస్త గట్టిగానే అన్నాను. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించి రాళ్లు మద్రాసు పంపించాడు, 1859లో వాటిలో చాలావరకు లండన్ చేరాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా ఉన్నాయి. మా శిల్పాలు మాకివ్వండి అని మనం అడుగుతూనే ఉన్నాం. రాళ్ల కోసమే అంత అడుగుతున్నవాళ్లం, మన దగ్గరున్న మనిషి సంగతి ఎత్తకపోతే ఎలా?

బావ కాసేపు ఏమీ అనలేదు. తిరుగు మెట్రోలో ఆయనే రొనాల్డ్ రాస్ సంగతి ఎత్తాడు. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉందని 1897 ఆగస్టు 20న రాస్ కనిపెట్టింది బేగంపేటలోనే. ఆ దోమల చేత కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్, కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. "హుసేన్ ఖాన్ పేరు ఈ చుట్టుపక్కల ఎంతమందికి తెలుసంటావ్?" అని బావే అడిగాడు. ఆ పరిశోధన లక్షల ప్రాణాలు కాపాడింది, దాన్ని తక్కువ చేయను. కానీ ఒళ్లిచ్చినవాడి పేరు కూడా రాస్ పేరు పక్కన ఉండాలి.

ఇంటికొచ్చి మ్యూజియం వాళ్లకి ఉత్తరం రాశాను. నైషు ఎక్కడ తవ్వితే దొరికిందో, ఎవరి చేతులు మారి వచ్చిందో తెలిసినంతవరకు పెట్టె పక్కన తెలుగులో, ఉర్దూలో రాయమన్నాను. ఫొటోలు ఆపమన్నాను. ఆమెని ఇక్కడే ఉంచాలా, పంపించాలా అన్నది ఈజిప్టు ప్రభుత్వాన్ని మనమే ముందుగా అడగాలని కూడా రాశాను. జవాబు రాకపోతే మళ్లీ రాస్తాను.